కెర్నెల్ ప్యాచ్‌లో వ్యాఖ్యల సమీక్ష

లినక్స్ కెర్నెల్‌లో చేర్చే మార్పును పరిశీలించేటప్పుడు, కోడ్ పక్కనున్న వ్యాఖ్యలు ఆ మార్పు తర్వాత కూడా నిజమేనా అని చూడటమే ఈ సమీక్ష. కంపైలర్ వ్యాఖ్యలను పట్టించుకోదు గనుక తప్పుడు వ్యాఖ్య ఉన్నా కెర్నెల్ బిల్డ్ అవుతుంది. కెర్నెల్‌డాక్ పనిముట్టు వివరణలో వదిలేసిన పారామీటర్ పేరును పట్టిస్తుంది, రాసినది నిజమో కాదో తేల్చలేదు. ఆ పని సమీక్షకుడిదే. అసలు చిక్కు ప్యాచ్ రూపంలోనే ఉంది: గిట్ మామూలుగా మారిన చోటికి పైనా కిందా మూడేసి వరుసలే చూపుతుంది. ఫంక్షన్ తలమీది వ్యాఖ్య ‘ఈ లాక్ పట్టుకునే పిలవాలి’ అంటుండగా లోపల ఆ లాక్ అవసరమే పోయినా, ఆ వ్యాఖ్య ప్యాచ్‌లో కనబడకపోవచ్చు. అందుకే మొత్తం ఫైలు తెరిచి చదవాలి.

కారణమంతా కమిట్ సందేశంలో ఉంటుంది కదా, వ్యాఖ్య ఎందుకని కొందరి అభ్యంతరం. కోడ్ ఎలా నడుస్తుందో వ్యాఖ్యలో వివరించవద్దని కెర్నెల్ శైలి నియమాలే చెబుతాయి. ఆ మేరకు వాదన సబబే. మెమరీ బ్యారియర్ సంగతి వేరు. అది ఏ రెండు చర్యల క్రమాన్ని కాపాడుతోందో, దాని జత ఏ ఫంక్షన్‌లో ఉందో ఆ ఒక్క కోడ్ వరుస చెప్పదు. ప్రతి బ్యారియర్‌కూ వ్యాఖ్య ఉండాలని ప్యాచ్ సమర్పణ నియమాలు కోరేది, లేకపోతే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు హెచ్చరించేది అందుకే. అయితే వ్యాఖ్య ఉందో లేదో మాత్రమే ఆ స్క్రిప్టుకు తెలుసు. వ్యాఖ్య చెప్పిన జత నిజంగా ఉందో లేదో వెతికి చూడాల్సింది సమీక్షకుడే.