‘మన ఆసుపత్రి’ అంటే ఎవరిది? కర్నూలు, కడప పెద్దాసుపత్రుల్లో సిబ్బంది ఆదరణను కొలవడంపై ఒక పరిశీలన

ఇంగ్లండులోని మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రుల్లో రోగులు పడిన నిర్లక్ష్యంపై రాబర్ట్ ఫ్రాన్సిస్ నివేదిక 2013 ఫిబ్రవరిలో వెలువడింది. అందులో 290 సిఫారసులున్నాయి. ఆ నేపథ్యంలోనే లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన ఆన్ మేరీ రాఫెర్టీ బృందం ‘కల్చర్ ఆఫ్ కేర్ బారోమీటర్’ అనే ప్రశ్నపత్రాన్ని రూపొందించింది. అందులోని 30 వాక్యాలు నాలుగు పాయలుగా విడిపోతాయి: సంస్థ విలువలు, జట్టు అండ, తోటివారితో సంబంధాలు, పనికి అడ్డొచ్చే ఇబ్బందులు. తనను పట్టించుకునేవాళ్ళు లేని నర్సు రోగిని ఎంతకాలమని పట్టించుకుంటుందన్నది దీని వెనకున్న ఊహ. ఆ ఊహతో నాకు పేచీ లేదు. పత్రాన్ని తెలుగు చేసి కర్నూలు, కడప వార్డుల్లో పంచితే ఏం కొలుస్తాం, ఏది జారవిడుస్తాం అన్నదే ఈ వ్యాసం చర్చ. ఇందులో సర్వే ఫలితాలు ఉండవు, కొలబద్ద గురించిన ఆలోచన మాత్రమే ఉంటుంది.

మనకు కొలతలు లేవని కాదు. 2013 నాటి జాతీయ నాణ్యతా ప్రమాణాల్లో రోగుల తృప్తితో పాటు ఉద్యోగుల తృప్తినీ తెలుసుకునే ఏర్పాటు ఉండాలని ఉంది. 2015లో కాయకల్ప్, 2016లో మేరా అస్పతాల్ వచ్చాయి. ఒకటి శుభ్రతను చూస్తే రెండోది రోగి మాటను వింటుంది. అయితే తృప్తి వేరు, సంస్కృతి వేరు. జీతం సరిపోతుందా అన్న ప్రశ్నకు ఎవరికి వారు జవాబు చెప్పుకోవచ్చు. రాత్రి రెండింటికి సెలైన్ అయిపోతే పక్క వార్డు నుంచి ఎవరు తెచ్చిస్తారన్నది ఒక్కరి జవాబుతో తేలదు.

కర్నూలు వైద్య కళాశాల 1956 నాటిది. దాని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి జిల్లా రోగులే కాదు, నంద్యాల, గద్వాల, రాయచూరు, బళ్ళారి వైపు నుంచి కూడా వస్తారు. కడప రిమ్స్ 2006లో మొదలైంది. ఒకచోట గురుశిష్య పరంపరలు పాతుకుపోయి ఉంటాయి. మరోచోట ఆ వయసే ఇంకా రాలేదు. రెండింటినీ ఒకే సగటుతో పోల్చి ‘కడప మెరుగు’, ‘కర్నూలు మెరుగు’ అనడానికి నేను ఒప్పుకోను.

అంతకన్నా పెద్ద చిక్కు ‘సంస్థ’ అన్న మాట దగ్గర ఉంది. బ్రిటిష్ పత్రం ఒక్క యజమానిని ఊహించుకుంటుంది. మన వార్డులో ఒకే మంచం చుట్టూ నిలబడ్డవాళ్ళను చూడండి. స్టాఫ్ నర్సు రెగ్యులర్ కావచ్చు, ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు ఉద్యోగి కావచ్చు. డేటా ఎంట్రీ కుర్రాడు ఔట్‌సోర్సింగ్. ఊడ్చే ఆమె, గేటు దగ్గరి సెక్యూరిటీ ఏజెన్సీ మనుషులు. హౌస్ సర్జన్ ఏడాది ఉండి పోయేవాడు. ‘ఈ సంస్థ నాకు విలువ ఇస్తుంది’ అన్న వాక్యం చదవగానే నర్సుకు సూపరింటెండెంటు గుర్తొస్తాడు, స్వీపరుకు సూపర్‌వైజరు గుర్తొస్తాడు, ఔట్‌సోర్సింగ్ వాళ్ళకు 2020లో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన ఔట్‌సోర్సింగ్ సేవల కార్పొరేషన్ ఆప్కాస్ గుర్తొస్తుంది. ముగ్గురూ ఐదుకు నాలుగు వేసినా అవి మూడు వేర్వేరు సంస్థలకు వేసిన మార్కులు. వాటిని కలిపి సగటు తీస్తే లెక్క తప్పదు గానీ దానికి అర్థం ఉండదు. కాబట్టి పత్రంలో మొదటి ప్రశ్న ‘మీ ఆసుపత్రి అంటే మీ దృష్టిలో ఎవరు?’ అని ఉండాలి.

ఇక అనువాదం. 1970లో బ్రిస్లిన్ సూచించిన తిరుగు అనువాదం నేటికీ వాడుకలో ఉంది: ఒకరు తెలుగు చేస్తారు, మరొకరు దాన్ని మళ్ళీ ఇంగ్లీషు చేస్తారు, రెండూ సరిపోతే పాసు. ఇది మాటల్ని కాపాడుతుంది గానీ మర్యాదను కాపాడలేదు. తెలుగులో ఆదరణ ముందు పిలుపులో కనిపిస్తుంది. డాక్టరు నర్సును ‘సిస్టర్’ అంటాడు, నర్సు ఆయాను ‘ఆయమ్మా’ అంటుంది, ఊడ్చే మనిషికి చాలాసార్లు ‘ఏయ్, ఇట్రా’ అన్నదే మిగులుతుంది. ఎవరు ఎవరిని ‘మీరు’ అంటారు, పాతికేళ్ళ కుర్రాడు తల్లి వయసు మనిషిని ఏమని పిలుస్తాడు అన్నది 30 వాక్యాలు చెప్పలేని సంగతి చెప్పగలదు. అలాగని ‘నువ్వు’లను లెక్కబెట్టి చిన్నచూపు అని రాసుకుంటే పొరపాటే. సీమలో ‘అన్నం తింటివా అక్కా?’ అన్న మాటలో ‘మీరు’ లేదు, కానీ నైట్ డ్యూటీలో అంతకన్నా ఆదరణ ఎక్కడ దొరుకుతుంది? అందుకే ‘నా సహోద్యోగులు నా క్షేమం పట్ల శ్రద్ధ వహిస్తారు’ అన్న పుస్తకాల వాక్యం బదులు ‘రాత్రి డ్యూటీలో నేను తిన్నానో లేదో అడిగేవాళ్ళున్నారు’ అని పెట్టమంటాను. ‘కేర్’కు మన వార్డుల్లో దగ్గరి మాట ‘శ్రద్ధ’ కాదు, ‘పట్టించుకోవడం’.

జవాబుల మెట్లలోనూ ఇబ్బంది ఉంది. 1932లో లైకర్ట్ పెట్టిన పద్ధతిలో ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అసలు అంగీకరించను’ దాకా మెట్లుంటాయి. మెమో భయం ఉన్నచోట, పత్రం సూపరింటెండెంటు ఆఫీసు నుంచి వస్తే, అందరూ పైమెట్టు మీదే నిలబడతారు. పేరు రాయనక్కర్లేదన్నా నమ్మరు, ఆ అనుమానంలో న్యాయమూ ఉంది. ఆరుగురు నర్సులున్న వార్డులో వయసు, హోదా, సర్వీసు రాయిస్తే పేరు రాయించినట్టే. ఈ మూడు గడులూ తీసేస్తే విశ్లేషణ కొంత పలచబడుతుంది, పడనివ్వాలి.

నాలుగో పాయ ‘ఇబ్బందులు’ ఇక్కడ బాగా పెరగాలి. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ సిఫారసు. ఆ సంఖ్యను వార్డులో ఆ పూట ఉన్న నిజం సంఖ్య పక్కన రాయకుండా ‘నాకు పనికి తగిన సమయం ఉంది’ అని అడగడం వెక్కిరింతలా ఉంటుంది. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఊళ్ళు ఇవి. డ్యూటీ గదిలో ఫ్యాను, తాగే నీళ్ళు, ఆడవాళ్ళకు గడియ ఉన్న బాత్‌రూమ్ కూడా సంస్కృతి కిందికే వస్తాయి. రోగి బంధువుల దాడి భయాన్నీ విడిగా అడగాలి. దాడుల నివారణకు రాష్ట్రంలో 2008 నుంచే చట్టం ఉంది. చట్టం ఉందని వార్డులో ఎంతమందికి తెలుసన్నదీ ఒక ప్రశ్నే. అదే బంధువులు స్ట్రెచర్ తోస్తారు, సెలైన్ సీసా చూస్తుంటారు, రోగికి ఒళ్ళు తుడుస్తారు. సగం నర్సింగ్ చేసే ఈ జీతంలేని సిబ్బందికి బ్రిటిష్ పత్రంలో గడి లేదు. వాళ్ళతో సిబ్బంది మాట ఎలా ఉందో అడగకపోతే మన వార్డు బొమ్మ సగమే.

ఈ పని తలపెట్టే వైద్య, నర్సింగ్ కళాశాలల పరిశోధకులకు ఒక మనవి. పత్రం చదవలేని వాళ్ళను జాబితా నుంచి తీసేయకండి, నోటితో అడిగి రాసుకోండి. అడిగే మనిషి ఆ ఆసుపత్రి ఉద్యోగి కాకూడదు. ఏజెన్సీ మారే నెలలో, జీతాలు ఆగిన నెలలో అడిగితే ఆ నెల కోపమే లెక్కకొస్తుంది. తప్పదనుకుంటే అడగండి, కానీ జీతం ఎన్నో తారీఖున పడిందో ఫలితాల పట్టిక పైనే రాయండి.