శ్రీశైలం చూసిన రష్యన్, కడలి అడుగున కొండ

అఫనాసీ నికితిన్ రష్యాలోని త్వేర్ పట్నం వర్తకుడు. 1469 ప్రాంతంలో ఓ మగగుర్రంతో కొంకణ తీరాన చౌల్ రేవులో దిగాడు. జున్నర్‌లో అక్కడి పాలకుడు అసద్ ఖాన్ ఆ గుర్రాన్ని లాక్కుని, మతం మారితే తిరిగిస్తానన్నాడు. ఓ ఖొరాసానీ పెద్దమనిషి కల్పించుకోబట్టి గుర్రం దక్కింది. బహమనీల రాజధాని బీదర్‌లో దాన్ని అమ్మేసి, అక్కడ పరిచయమైన హిందువుల వెంట శివరాత్రికి ‘పర్వతం’ వెళ్లాడు. అది మన శ్రీశైలమేనని పలువురు చరిత్రకారుల మాట. ఆడా మగా తలనీలాలివ్వడం, మనిషికింతని పన్ను కట్టడం, బంగారు పూత పూసిన పెద్ద నల్లరాతి నంది, దాని గిట్టను ముద్దాడి పూలు చల్లే జనం... అన్నీ రాసుకున్నాడు. మొక్కుబడుల మీద పన్నన్నది కొత్త సంగతేమీ కాదన్నమాట!

వ్యాపారం మాత్రం కలిసిరాలేదు. మిరియాలు, రంగులు చవకే గానీ సుంకాలు ఎక్కువ, సముద్రంలో దొంగల బెడద, రష్యాకు పనికొచ్చే సరుకేమీ లేదు అని వాపోయాడు. తిరుగు ప్రయాణంలో, ఊరు చేరకుండానే స్మొలెన్స్క్ దగ్గర కన్నుమూశాడు.

ఆయన పేరును సోవియట్ శాస్త్రవేత్తలు హిందూ మహాసముద్రంలో, భూమధ్యరేఖకు కాస్త దక్షిణాన మునిగి ఉన్న ఓ చల్లారిన అగ్నిపర్వతానికి పెట్టారు. సుమారు 400 కిలోమీటర్ల పొడవు, 150 కిలోమీటర్ల వెడల్పు. డైనోసార్లు ఇంకా తిరుగుతున్న రోజుల్లో, భూగర్భం నుంచి వేడి ఎగదన్నే హాట్‌స్పాట్ మీద ఇది పుట్టిందని ఎక్కువమంది భావన. హాట్‌స్పాట్ దాదాపు ఉన్నచోటే ఉంటుంది, పైనున్న భూఫలకం జరిగిపోతుంది. దాంతో శిలాద్రవం అందక కొండ చల్లారుతుంది, ఫలకం చల్లబడి కుంగేకొద్దీ తానూ దిగబడుతుంది. 85 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంబడి సాగే శిఖరశ్రేణికి ఇది దక్షిణపు కొస. ఉత్తరాన, బంగాళాఖాతంలో, అదే శ్రేణి గంగా బ్రహ్మపుత్రలు మోసుకొచ్చిన మట్టి కింద పూడిపోయింది.

మట్టి పడని ఆ దక్షిణపు రాళ్ల మీద మాంగనీసు, కోబాల్టు, నికెల్ పొర పేరుకుంది. పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుందది. బ్యాటరీలకు కోబాల్టు కావాలి కదా, 2024 జనవరిలో భారత్ అన్వేషణకు అనుమతి కోరుతూ జమైకాలోని అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థకు దరఖాస్తు పెట్టింది. ఆ చోటు తమ ఖండతీరపు అంచులోకే వస్తుందని శ్రీలంక 2009లోనే ఐక్యరాజ్యసమితి ముందు పత్రాలు పెట్టి ఉంది. పనికొచ్చే సరుకే లేదని వాపోయిన వర్తకుడి పేరున్న కొండకు ఇప్పుడు ఇద్దరు హక్కుదారులు.