పలుచని గాలి

కాణిపాకమున వరసిద్ధి వినాయకుని సేవించి తిరుమలకు నడచిపోయినపుడు, మోకాళ్ళమెట్టుకడ రొప్పుచు నేను కొండగాలిని నిందించితిని. తప్పు నాదే. తిరుమల యెత్తు సుమారు 850 మీటర్లు. అచటి వాయుపీడనము సముద్రతీరముకన్న పదింట నొకవంతు మాత్రమే తక్కువ. నన్ను రొప్పించినవి మెట్లు.

గాలి పలుచనై మనుష్యులను చంపిన కథ వేఱు. 1875 ఏప్రిల్ 15వ తేదీని ఫ్రాన్సులో ముగ్గురు 'జెనిత్' అను బెలూనులో 8,000 మీటర్లు దాటిరి. ప్రాణవాయువు సంచులు చెంతనే యుండెను. అందుకొనుటకు చేతులు లేవలేదు. పైగా భయము తోపలేదట, ఆనందము కలిగెనట! బ్రదికివచ్చిన టిస్సాందియే వ్రాసిన మాట యిది. క్రోసే-స్పినెల్లీయు, సివెలును మరణించిరి.

ఎంత యెత్తుననైనను గాలిలో ప్రాణవాయువు ఐదింట నొకపాలే. పీడనము తగ్గుటచే అది నెత్తురున కందదని పాల్ బేర్ తన 1878 నాటి గ్రంథమున నిరూపించెను. మెల్లగా నెక్కువానికి దేహమే తోడ్పడును. ముందు ఊపిరియు గుండెయు వేగిరపడును. పిదప మూత్రపిండములు పంపు హార్మోనుచే ఎముకల మజ్జ ఎఱ్ఱకణములను పెంచును. దీనికి వారములు పట్టును. బెలూను గంటలలో నెక్కెను!

2014 మే 25న ఎవరెస్టు నెక్కిన మన మాలావత్ పూర్ణకు పదుమూడేండ్లు. ఆ శిఖరమున పీడనము తీరమునందలి దానిలో మూడవవంతే. అందుచేతనే అచటి ఆరోహకులు వారములకొలది పైకెక్కుచు, మరల దిగుచు, నెత్తురు సిద్ధమగువఱకు గుడారములలో వేచియుందురు.