ఊరి జమాఖర్చులు ఊరి ముందుకే: గ్రామసభలో ఓటరు హక్కులు, అడగవలసిన ప్రశ్నలు

పంచాయతీ పాలనలో సర్పంచికన్నా, కార్యదర్శికన్నా, మండల అధికారికన్నా ముందు స్థానం గ్రామసభది. అయినా అనేక పల్లెల్లో గ్రామసభ అంటే పది కుర్చీలు, ఒక సంతకాల పుస్తకం అన్నంతగా దాని విలువ పడిపోయింది. సభకు రాని వారి ఇళ్లకు ఆ పుస్తకమే నడిచి వెళ్లడం, ఖాళీగా వదిలిన పుటలపై తర్వాత తీర్మానాలు చేరడం గ్రామీణులకు తెలియని సంగతి కాదు. తాగునీటి పైపు ఏ వీధికి ముందు వేయాలో, చెరువు వేలం సొమ్ము దేనికి ఖర్చయిందో, ఇంటి పన్ను ఎందుకు పెరిగిందో నిలదీయడానికి చట్టం కల్పించిన వేదిక ఇదొక్కటే. ఈ నేపథ్యంలో గ్రామసభ పుట్టుపూర్వోత్తరాలు, అధికారాలు, నిధుల తీరు, పౌరుడు అనుసరించవలసిన పద్ధతులపై సమగ్ర కథనమిది.

షాద్‌నగర్ నుంచి 73వ సవరణ వరకు

బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో మూడంచెల స్థానిక పాలనను సిఫారసు చేసింది. రాజస్థాన్ తర్వాత ఆ విధానాన్ని స్వీకరించిన రెండో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 1959లో నాటి మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో అందుకు శ్రీకారం చుట్టారు. 1964లో గ్రామ పంచాయతీల చట్టం వచ్చింది. 1986లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పంచాయతీ సమితుల స్థానంలో మండల వ్యవస్థను తెచ్చింది.

అయితే పంచాయతీలకు రాజ్యాంగ బలం చేకూర్చింది 73వ సవరణే. 1992లో పార్లమెంటు ఆమోదించిన ఈ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. 243-ఎ అధికరణం గ్రామసభను, 243-ఇ అధికరణం ఐదేళ్ల కాలపరిమితిని, 243-కె రాష్ట్ర ఎన్నికల సంఘాన్ని, 243-ఐ రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని ఏర్పరిచాయి. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను 11వ షెడ్యూలులో చేర్చారు. ఆ వెలుగులో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లో రూపొందింది. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణ 2018లో సొంత చట్టం చేసుకుంది.

ఎవరు సభ్యులు? ఎప్పుడు జరగాలి?

గ్రామ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఆహ్వానం ఉంటేనే రావాలన్న నియమం లేదు. ఎన్నికల్లో ఓడిన అభ్యర్థికి, గెలిచిన సర్పంచికి సభలో ఓటరుగా సమాన హోదా. సర్పంచి అధ్యక్షత వహిస్తారు. ఆయన లేని పక్షంలో ఉపసర్పంచి సభను నడపాలి.

1994 చట్టం 6వ విభాగం ఏడాదికి కనీసం 2 పర్యాయాలు గ్రామసభ జరగాలని నిర్దేశించింది. తెలంగాణ 2018 చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి 2 నెలలకొకసారి సభ తప్పనిసరి చేసింది. నిర్వహణను విస్మరించిన సర్పంచి పదవికే ముప్పు వాటిల్లే నిబంధన కూడా అందులో ఉంది.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. వార్డు సభ్యులతో సర్పంచి జరిపేది పంచాయతీ సమావేశం. ఓటర్లందరితో జరిపేది గ్రామసభ. పాలకవర్గ సమావేశంలో ఐదారుగురు చేసిన తీర్మానాన్ని గ్రామసభ తీర్మానంగా చెలామణి చేయడం చట్ట సమ్మతం కాదు.

సభ ముందు ఉంచవలసినవి

కార్యదర్శి నోట మాటగా చెప్పి సరిపెట్టకూడని అంశాలను చట్టమే పేర్కొన్నది. అవి ఇవి:

- పంచాయతీ వార్షిక జమాఖర్చుల పట్టిక, ఆడిట్ నివేదిక
- గడచిన సంవత్సరపు పాలనా నివేదిక
- రాబోయే సంవత్సరంలో చేపట్టే పనులు, బడ్జెట్‌లో లేని కొత్త పనులు
- కొత్త పన్నులు, ఉన్న పన్నుల పెంపు ప్రతిపాదనలు
- పథకాల, లబ్ధిదారుల, పనులు చేపట్టే స్థలాల ఎంపిక

చివరి అంశం వద్దనే పల్లెల్లో తగాదాలు ఎక్కువ. ఇల్లు ఎవరికి మంజూరు కావాలి, సిమెంటు రోడ్డు ఏ వాడకు ముందు పడాలి అన్నది నలుగురి ఎదుట చర్చకు వస్తే అర్హుల పేర్లు దాటవేయడం సులభం కాదు. నలుగురు రాని సభలో ఆ నిర్ణయం ముందే ఎక్కడో జరిగిపోయి ఉంటుంది. దాని ఫలితాన్ని ఎక్కువగా అనుభవించేది ఊరి చివరి వాడలే.

ఖజానాకు దారులు

పంచాయతీ ఆదాయాన్ని స్థూలంగా 3 రకాలుగా చెప్పుకోవచ్చు. మొదటిది సొంత ఆదాయం. ఇంటి పన్ను, నీటి రుసుము, సంతల వేలం, చెరువుల్లో చేపల వేలం, దుకాణాల అద్దెలు, భవన నిర్మాణ అనుమతుల రుసుములు ఇందులోకి వస్తాయి. రెండోది రాష్ట్రం నుంచి రావలసిన వాటా. స్థిరాస్తి రిజిస్ట్రేషన్లపై వసూలయ్యే సర్‌ఛార్జి, ఖనిజాల సీనరేజిలో భాగం ఇందులో ముఖ్యమైనవి. మూడోది కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు.

2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు దేశవ్యాప్తంగా రూ.2,36,805 కోట్లు ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. ఇందులో 60 శాతం నిధులను తాగునీరు, పారిశుద్ధ్యాలకే వెచ్చించాలని షరతు విధించింది. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు గానీ జీతాలకు వాడరాదు. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం మొదలైంది.

గ్రాంటు ఎంత ఉన్నా, ఇంటి పన్ను వసూలు కాని పంచాయతీకి వీధి దీపం మార్చాలన్నా ఎదురు చూడక తప్పదు. ప్రజలు పన్ను కట్టకపోవడం, కట్టిన పన్నుకు లెక్క చెప్పకపోవడం ఒకదానినొకటి పెంచి పోషించే జబ్బులు. గ్రామసభలో లెక్క చదివితే రెంటికీ మందు దొరుకుతుంది.

పాలకవర్గం లేకుంటే నష్టమెంత?

ఐదేళ్ల గడువు ముగిసేలోగా ఎన్నికలు పూర్తి కావాలన్నది రాజ్యాంగ నిబంధన. ఆచరణ వేరుగా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011 ఆగస్టులో పదవీకాలం ముగియగా 2013 జులైలో గానీ ఎన్నికలు జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టు నుంచి 2021 వరకు ప్రత్యేకాధికారుల పాలన సాగింది. 2021 ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా ఎన్నికలు నిర్వహించారు. తెలంగాణలో 2019 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి ఆరంభంలో ముగిసింది. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో పోలింగు జరిగే దాకా దాదాపు 2 సంవత్సరాలు ప్రత్యేకాధికారులే పాలించారు.

ఈ ఖాళీ కాలాల్లో మొదటి దెబ్బ నిధులపై పడుతుంది. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీలకు ఆర్థిక సంఘం గ్రాంట్లు నిలిచిపోతాయి. ఒక్కో ప్రత్యేకాధికారి చేతిలో పలు గ్రామాలు ఉండటం, ఆయనకు సొంత శాఖ పనులు వేరుగా ఉండటంతో గ్రామసభలు మొక్కుబడిగా మారుతాయి. డ్రైనేజీ పూడిక, బ్లీచింగు, మోటారు మరమ్మతు వంటి చిన్న పనులే పెద్ద సమస్యలవుతాయి.

పాలకవర్గం ఉన్నా నిధులపై పట్టు ఉంటుందన్న హామీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఎన్నికల అనంతరం ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేయడంపై పార్టీలకు అతీతంగా సర్పంచులు ఆందోళనకు దిగడం తెలిసిందే. ఊరి ఖాతాలోంచి సొమ్ము ఎందుకు పోయిందో గ్రామసభలో చర్చించి తీర్మానం చేసే హక్కు ఊరికి ఉంది.

ఒకే రోజు 13,326 సభలు

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు నిర్వహించారు. ఉప ముఖ్యమంత్రి, పంచాయతీరాజ్ మంత్రి పవన్ కల్యాణ్ రైల్వేకోడూరు నియోజకవర్గం మైసూరవారిపల్లె సభలో పాల్గొన్నారు. ఉపాధి హామీ పనుల గుర్తింపు ఆ సభల ప్రధాన అంశం. అంతకుముందు జాతీయ పండుగల నిర్వహణకు పంచాయతీలకు ఇచ్చే మొత్తాన్ని రూ.100, రూ.250 స్థాయి నుంచి జనాభాను బట్టి రూ.10 వేలు, రూ.25 వేలకు పెంచారు. ఒక్క రోజు సభ వార్తలకెక్కింది. అందులో చేసిన తీర్మానం ఏమైందన్నది తర్వాతి సభలో అడిగితేనే తెలుస్తుంది.

గంగదేవిపల్లి చూపిన బాట

వరంగల్ సమీపాన గీసుకొండ మండలంలోని గంగదేవిపల్లి ఒకనాడు మచ్చాపూర్‌కు శివారు పల్లె. 1994లో ప్రత్యేక పంచాయతీగా ఏర్పడింది. తాగునీరు, పారిశుద్ధ్యం, విద్య, ఆరోగ్యం, మద్య నిషేధం వంటి అంశాలకు వేర్వేరు కమిటీలు వేసుకుని ప్రతి కుటుంబాన్నీ ఏదో ఒక బాధ్యతలో భాగస్వామిని చేసింది. ఇంటి పన్ను నూరు శాతం వసూలుకు పేరు గాంచింది. ఆదర్శ గ్రామంగా గుర్తింపు పొంది, ఇతర రాష్ట్రాల నుంచి సైతం ప్రతినిధి బృందాలను రప్పించుకుంది. నిధుల రాశి కంటే కూర్చుని మాట్లాడుకునే అలవాటు ఊరిని ముందుకు నడిపిందని దీన్ని చూసి వచ్చినవారు చెబుతుంటారు.

ఏజెన్సీ గ్రామాల్లో మరింత బలం

పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు వంటి షెడ్యూల్డు ప్రాంతాలకు 1996 నాటి ‘పెసా’ చట్టం వర్తిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీని నియమావళి 2011లో వెలువడింది. అక్కడ భూసేకరణకు ముందు గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని సంప్రదించాలి. ఇసుక, కంకర వంటి చిన్న తరహా ఖనిజాల లీజుకు ముందస్తు సిఫారసు ఉండాలి. లబ్ధిదారులను గుర్తించేదీ, పంచాయతీ ఖర్చుకు వినియోగ ధ్రువీకరణ ఇచ్చేదీ గ్రామసభే. కావున గిరిజన గూడేల్లో సభ తేదీ తెలియకుండా చేయడం ఊరి భూమికే చేటు తెస్తుంది.

పౌరుడు పాటించవలసిన క్రమం

సభకు ముందు: తేదీ, సమయం, చర్చనీయాంశాలు దండోరా వేయించారా, నోటీసు బోర్డుపై పెట్టారా చూడాలి. తెలియకపోతే కార్యదర్శిని అడగాలి. వాడ సమస్యను కాగితంపై రాసి నలుగురి సంతకాలతో ముందుగానే అందజేసి, రసీదు పొందాలి. కేంద్రం 2020 ఏప్రిల్ 24న ప్రారంభించిన ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీ ప్రణాళికను, చెల్లింపులను చూసుకోవచ్చు. చదువుకున్న యువకులు ఆ పుట అచ్చు తీసి తెస్తే చర్చకు బలం చేకూరుతుంది.

సభలో: గత సభ తీర్మానాలు చదివించి, అమలు ఎంతవరకు వచ్చిందో అడగాలి. ‘నిధులు లేవు’ అన్న జవాబుకు ఖాతా నిల్వ ఎంతో చెప్పమనాలి. చర్చ ముగిశాక తీర్మానాన్ని పుస్తకంలో రాసి చదివిన పిదపనే సంతకం చేయాలి. ఖాళీ పుటపై సంతకం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు.

సభ తర్వాత: తీర్మానం నకలు కోరాలి. నిరాకరిస్తే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. ఉమ్మడి రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో రూ.5, ఆపై స్థాయిలో రూ.10. 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. సభే జరపకుండా జరిపినట్లు చూపితే మండల పరిషత్ అభివృద్ధి అధికారికి, అక్కడా ఫలితం లేకుంటే జిల్లా పంచాయతీ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. సోమవారాల్లో కలెక్టరేట్లలో జరిగే ఫిర్యాదుల స్వీకరణ కార్యక్రమంలోనూ అర్జీ ఇవ్వవచ్చు.

మహిళలు మాట్లాడితేనే

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పంచాయతీ పదవుల్లో సగం మహిళలకు దక్కాయి. అయినా సర్పంచి కుర్చీ పక్కన భర్తో, కుమారుడో కూర్చుని సభ నడపడం పలుచోట్ల మారలేదు. పదవి ఎవరిదో తీర్మానంపై సంతకమూ, మాటా వారిదే కావాలి. నీటి ఎద్దడిని బిందెతో కొలిచేది మహిళలే గనుక, స్వయం సహాయక సంఘాల సభ్యులు ఒక్క జట్టుగా సభకు వస్తే తాగునీటి అంశం చర్చల్లో చివరికి జారిపోదు. పొలం పనుల వేళ సభ పెడితే కూలీలు రాలేరు. సాయంత్రం వేళకు మార్చమని కోరడం సైతం సభ్యుల హక్కే.

పంచాయతీ ఖాతాలోని ప్రతి రూపాయికి యజమాని ఊరే. ఆ లెక్క అడగడానికి ఇతర అర్హతలేవీ అవసరం లేదు, ఓటర్ల జాబితాలో పేరుంటే చాలు. తదుపరి గ్రామసభ తేదీని కార్యదర్శి వద్ద తెలుసుకుని, ఇరుగుపొరుగుతో కలిసి హాజరు కావలసిందిగా గ్రామీణులకు సూచన.