మంజీర నీళ్లు, శక్కర్‌నగర్ చక్కెర

సొంత ఊరి సంస్థ ఒకదాని గురించి రాయమని ఉత్సవ సంఘం పెద్దలు అడిగారు. బోధన్‌లో పుట్టినవాడికి సంస్థ అంటే నిజాం షుగర్ ఫ్యాక్టరీయే.

ఊరు మాత్రం ఫ్యాక్టరీ కంటే ఎంతో పాతది. అస్మక జనపదానికి రాజధాని అయిన పోదన ఇదేనని చాలామంది చరిత్రకారుల మాట. చెరకు మాత్రం నిజాంసాగర్‌తోనే విస్తరించింది. ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ రూపకల్పనలో మంజీర మీద 1923లో మొదలైన ఆ ఆనకట్ట 1931లో పూర్తయింది. దాని ఆయకట్టు సుమారు 2.75 లక్షల ఎకరాలు. కాలువ పారిన చోట చెరకు నిలిచింది. ఆ చెరకును ఆడించడానికి 1937లో ఫ్యాక్టరీ వెలిసింది, దాని పక్కనే శక్కర్‌నగర్ పుట్టింది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు దానికి పేరు. సంస్థానం పోయింది, రాష్ట్రాలు మారాయి, గానుగ మాత్రం 2015 దాకా ఆడుతూ వచ్చింది.

మా బాపు అందులో పాన్‌మేన్. పాకం తీసి గాజుపలక మీద పూసి, వెలుతురుకెత్తి పలుకు చూసేవాడు. పలుకు సమంగా కట్టిందో లేదో ఆయన కన్ను పట్టేసేది. ఇంటికొచ్చినా చొక్కా నిండా మడ్డి వాసనే. ఆ వాసనతోనే మేం చదువుకున్నాం, ఉద్యోగాలకెళ్లాం. నేను గుజరాత్‌లోని ఈ హజీరా దాకా రాగలిగింది ఆ జీతంతోనే.

మిల్లు హౌసు ఫిట్టర్లు, బాయిలర్ దగ్గర నిలబడ్డవాళ్లు, ల్యాబు కెమిస్టులు, కాటా దగ్గరి గుమస్తాలు, బస్తాలు మోసిన హమాలీలు, రాత్రంతా ఎడ్లబండ్ల వరుసలో చలికి వణికిన రైతులు: అందరికీ ఈ సంచిక ముఖంగా నమస్కారం.

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి బోధన్, మెట్‌పల్లి, మెదక్ యూనిట్లు మూడింటినీ మూసేశారు. చెరకు వేసిన చేన్లు చాలావరకు వరికి మళ్లాయి. తెరిపిస్తామన్న హామీలు ఎన్నికలప్పుడల్లా విన్నాం.

ఇక్కడి తాపీ నది ఒడ్డున నన్ను కలచివేసే సంగతి ఒకటుంది. ఇక్కడా కాలువలే చెరకును తెచ్చాయి. కాక్రాపార్, ఆ తర్వాత 1972 నాటి ఉకాయ్ డ్యాం నీళ్లు. బార్డోలీలో 1928లో శిస్తు పెంపుకు వ్యతిరేకంగా సర్దార్ పటేల్ నాయకత్వంలో నిలబడి గెలిచిన రైతులు, 1955లో సహకార చక్కెర మిల్లు పెట్టుకున్నారు. దక్షిణ గుజరాత్ సహకార మిల్లులు ఏటా మార్చి చివర చెరకు ధర ప్రకటిస్తాయి, ప్రాంతమంతా ఆ లెక్క కోసం ఎదురుచూస్తుంది. డాంగ్స్, ఖాందేశ్‌ల నుంచి వచ్చి చెరకు కొట్టే కోయతా కూలీలకు ఇక్కడా దక్కేది చాలీచాలని కూలీయే, అది దాచకూడదు. అయినా మిల్లు రైతుదే. మనవాళ్లు ఎనభై ఏళ్ల దాకా చెరకు తోలారు. వాటా మాత్రం మొదట నవాబుది, తర్వాత సర్కారుది, చివరికి కంపెనీది. మా ఊరికి జరిగిన అసలు నష్టం అదే.

ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకుంటే చెరకు రైతుకు అందులో వాటా రాసివ్వాలి. బోధన్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవారంతా ఈ మాట కోరుతూ ఊళ్లోని మీ ప్రతినిధులకు ఉత్తరాలు రాయండి. మీ ఇళ్లలో గేటు పాసులు, జీతం చీటీలు, పాత ఫోటోలు ఉంటే సంఘానికి అందజేయండి.