యువజనులును పెద్దల పలుకులును

చోడవరము చేరువనున్న చీడికాడ నుండి పడమరగా చూచినచో మన్యపుగొండలు కానవచ్చును. యువజనులు దేశకార్యమునెడ విముఖులైరని రాజకీయనాయకులు వేదికలపై నిట్టూర్చునపుడెల్ల, ఆ కొండల చరిత్రను, తూర్పుననున్న విశాఖ చరిత్రను కలిపి చదువుట మేలని నాకు తోచును.

1920, 21 సంవత్సరములలో గాంధీమహాత్ముడు కళాశాలలు విడిచి రండని విద్యార్థులను పిలువగా పెక్కుమంది వచ్చిరి. 1922 ఫిబ్రవరిలో, చౌరీచౌరా దుర్ఘటన పిమ్మట ఉద్యమము నిలిచిపోగా, వారికి నిర్మాణకార్యక్రమముదక్క వేరొండు పని లేకపోయెను. ఆ యేటనే, పోడును అడ్డగించిన అడవిచట్టములచేతను, గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియను చేయించిన వెట్టిచాకిరిచేతను వేసారిన గిరిజనులను వెంటనిడుకొని, పాతికేండ్ల అల్లూరి సీతారామరాజు ఆగష్టు 22న చింతపల్లి ఠాణాను ముట్టడించి తుపాకులు గైకొనెను; మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. 1924 మే 7న అతడు కాల్పబడెను. సాయుధ తిరుగుబాటును తాను మెచ్చనని చెప్పుచునే, ఆ యువకుని ధైర్యమునకును త్యాగమునకును గాంధీ 1929లో ‘యంగ్ ఇండియా’ పత్రికయందు జోహారులర్పించెను. జోహారు నిష్కపటమైనదే; కాని అది అందుకొనవలసినవాడు గతించి అప్పటికి అయిదేండ్లు.

1966లో ఉక్కు కర్మాగారమునకై విశాఖ అట్టుడికినపుడు ధోరణి వేఱు. ఒకనాటి ఆంధ్రరాష్ట్ర ఆర్థికమంత్రియైన తెన్నేటి విశ్వనాథముగారు డెబ్బదేండ్లు దాటియు విద్యార్థుల ప్రక్కన నిలిచిరి. దేశమంతట అధికారపీఠములపైనున్నవారికి మాత్రము ఆ దినములలో విద్యార్థుల క్రమశిక్షణారాహిత్యమే ఊతపదము. ఉక్కు కర్మాగారమునకై అమృతరావుగారను ఉద్యమకారుడు పూనిన నిరాహారదీక్ష సాగుచుండగా, రాష్ట్రావతరణదినమైన నవంబరు 1ననే విశాఖలో తుపాకులు ప్రేలెను. 1970 ఏప్రిలులో ఇందిరాగాంధి కర్మాగారమును ప్రకటించెను. అల్లరియని కొట్టివేయబడిన కోరికయే అటుపై ప్రభుత్వ విజయముగా వర్ణింపబడుట విన్నవారికి, ఉపన్యాసములపై విరక్తి కలుగుటలో వింత యేమి?

పిదప యువజనులకు కానుకలు వచ్చినవి. వివేకానందుని జన్మదినము 1985 నుండి జాతీయ యువజనదినమైనది. పూలమాలలకు అది చాలును. అరువదియొకటవ రాజ్యాంగసవరణముచే 1989 మార్చిలో ఓటువయస్సు 21 నుండి 18కి దిగినది. ఇది నిజమైన మార్పు. అయినను శాసనసభకు నిలుచుటకు 25 ఏండ్లు నిండవలెను. (చింతపల్లి ముట్టడినాటి రాజు ఆ యర్హతను కొద్దిగా మాత్రమే దాటియుండును!) గ్రామపంచాయతీకి 21 ఏండ్లు చాలును; కాని చీడికాడవంటి యూళ్లలో ఆ వయస్సువానిని సర్పంచి పదవికి నిలుపుటకు, యువశక్తిని వేనోళ్ల పొగడు పక్షములవారు తొందరపడుట అరుదు.