తాత ఆదివారాలు

మా కుటుంబానికి రెండు ఊళ్ళు. కోవిల్పట్టిలో పాత ఇల్లు, విరుదునగర్‌లో అంగడి పెట్టినాక కట్టుకున్న ఇల్లు. పోయిన దీపావళికి అందరం విరుదునగర్ ఇంట్లో చేరినాం. అక్కడ మొదలైన గొడవే ఈ వ్యాసానికి మూలం.

మా అక్క కూతురు జర్మనీలో ఎం.ఎస్. చదువుతుంది. కోవిల్పట్టి పక్కన మిగిలిన నల్లరేగడి చేను కుదువ పెట్టి బ్యాంకులో అప్పు తీసి పంపినాం. ఒక పేపరు రెండుసార్లు పోయింది. మూడోసారి కూడా పోతే ఆ కోర్సే పోతుంది. అదే వారంలో ఆ పిల్ల ఏదో నది ఒడ్డున, ఏదో కోట ముందర నిలబడి తీసుకున్న ఫోటోలు అందరి ఫోన్లలోకి వచ్చినాయి. బావకు కోపం వచ్చింది. "చదవను పంపిస్తే ఊళ్ళు తిరుగుతా ఉంది, వాపసు రమ్మనండి" అన్నాడు. మేమూ ఫోన్‌లో నాలుగు మాటలు గట్టిగానే అన్నాం. పాప ఏమీ మాట్లాడకుండా ఫోన్ పెట్టేసింది. పది రోజులు మళ్ళీ చెయ్యలేదు.

అప్పుడు అవ్వ లేచిపోయి ట్రంకుపెట్టెలోంచి పెద్దతాత నోట్‌బుక్ తీసుకొచ్చింది.

పెద్దతాత, అంటే మా తాతకు అన్న, మిల్లులో పని నేర్చుకుని 1961లో మాంచెస్టర్‌కు నూలు వడికే చదువు చదవను పోయినారు. మా ఇంట్లో సముద్రం దాటిన మొదటి మనిషి. కోవిల్పట్టి అంటే అప్పటికే పత్తి, మిల్లు, అగ్గిపెట్టెలు. చుట్టూ ఉండే కరిసల్ నేలలో పండే పత్తి మీద పరిశోధన చెయ్యను 1901లోనే ప్రభుత్వం ఇక్కడ వ్యవసాయ కేంద్రం పెట్టింది. 1876లో మదురై నుంచి తూత్తుకుడికి రైలు పడినప్పటి నుంచి ఆ పత్తి మా ఊరి మీదుగా ఓడరేవుకు పోయేది. అది పోయిన దారినే తాతా పోయినారు అని అవ్వ అంటుంది.

నోట్‌బుక్ మాట తెలుగు, లిపి అరవం. మా వైపు ఇది మామూలే. విజయనగరం, మదురై నాయకుల కాలం నుంచి ఇక్కడ ఉన్న ఇళ్ళల్లో తెలుగు నోట్లో నిలిచింది, చేతికి రాలేదు. మేమేమో కన్నడ బడిలో చదివినవాళ్ళం. కన్నడ అక్షరాల చుట్టరికంతో తెలుగు అక్షరాలు తర్వాత నేర్చుకున్నాం గానీ అరవ లిపి ఇప్పటికీ కూడబలుక్కుని చదవాల్సిందే. కాబట్టి అవ్వ చదవడం, మేము రాసుకోవడం. అరవ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, ట, డ లకు ఒకటే. ఒక ఆదివారం చెస్టర్ అనే ఊరు పోయి "కోట" చూసినాం అని ఉంది అని అవ్వ చదివింది. అది "గోడ" కూడా కావచ్చు గదా అన్నాం. తీరా చూస్తే చెస్టర్‌లో రెండూ ఉన్నాయి. రోమన్ల నాటి పునాదుల మీద ఊరి చుట్టూ గోడ, దాని మీద మూడు కిలోమీటర్ల దాకా నడవచ్చు. పక్కనే కోట. తాత ఏది చూసినారో ఈ రోజుకీ తేలలేదు. అవ్వ కోట పక్షం, మేము గోడ పక్షం.

నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో సోమవారం నుంచి శనివారం దాకా క్లాసులు, కుడి పేజీలో ఆదివారం ఖర్చు. రైలు టికెట్టు, టీ, రొట్టె. మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాళ్ళం, ఏ లెక్క కనబడినా సరిపోతుందా అని చూడడం అలవాటు. కూడి చూసినాం. ఒక ఏడాదిలో బయటికి పోయిన ఆదివారాలు పంతొమ్మిది. మిగతావాటి మీద "గది" అని ఒక్క మాట. పరీక్షకు ముందు రెండు నెలలు వరసగా గది, గది, గది.

ఆ పంతొమ్మిదిలో బ్లాక్‌పూల్ ఉంది, అక్కడ 1894లో ఈఫిల్ టవర్‌ను చూసి కట్టిన టవర్ ఉంది, దాని కింద నిలబడి గాలికి గొడుగు విరిగినట్టు రాసినారు. లివర్‌పూల్ రేవు ఉంది. కానీ ఎక్కువసార్లు కనబడేది వేరే. ఓల్డ్‌హామ్, బోల్టన్, బర్న్‌లీ. ఇవేం చూడదగ్గ ఊళ్ళు కావు, మిల్లు ఊళ్ళు. ఆదివారం మిల్లు మూసి ఉంటుంది గదా, ఏం చూసినారు అని మాకు అనుమానం వచ్చింది.

చరిత్ర చదివితే అర్థమైంది. 1959లో బ్రిటిష్ ప్రభుత్వం పత్తి పరిశ్రమ చట్టం చేసింది. ఎక్కువైన కదుర్లు, మగ్గాలు పగలగొట్టి పాత ఇనుముకు వేస్తే మిల్లు యజమానులకు ప్రభుత్వమే డబ్బిచ్చేది. లాంకషైర్ అంతటా మిల్లులు మూతపడతా ఉన్నాయి. ఇండియా, పాకిస్తాన్, హాంకాంగ్ నుంచి చవక బట్ట వచ్చి పడుతుందని అక్కడి వాళ్ళ బాధ. ఆ మూడు చోట్ల నుంచి వచ్చే బట్టకు అప్పుడే పరిమితులు కూడా పెట్టించుకున్నారు. వందేళ్ళు మన నేతగాళ్ళ పొట్ట కొట్టిన ఊళ్ళు అవి. 1931లో గాంధీగారు పోయి అక్కడి పనివాళ్ళతో మాట్లాడి వచ్చిన ఊళ్ళూ అవే. తాత పోయేసరికి, ఏ యంత్రం ఎట్లా తిప్పాలో సోమవారం క్లాసులో చెప్పేది, అదే యంత్రం ముక్కలై బండెక్కడం ఆదివారం కంటపడేది. ఒక పేజీలో నాలుగు మిల్లుల పేర్లు రాసి పక్కన "మూసినారు" అని నాలుగుసార్లు రాసినారు. క్లాసు పేజీలో ఆ సంగతి ఎక్కడా లేదు.

తాత తిరిగొచ్చినాక మిల్లు ఉద్యోగంలో చేరినారు గానీ, కొడుకుల్ని ఎవర్నీ మిల్లు పనికి పంపలేదు. విరుదునగర్‌లో అంగడి పెట్టించినారు. మొండితనం అని అప్పట్లో అందరూ అనుకున్నారట. బర్న్‌లీ ఆదివారాలకూ ఈ అంగడికీ సంబంధం ఉందని మేము అనుకుంటాం. తాత ఎప్పుడూ అట్లా చెప్పలేదు, అవ్వ మా మాట ఒప్పుకోదు కూడా.

చదవను పోయి ఊళ్ళు చూసినవాళ్ళు మా తాతతో మొదలు కాలేదు. ఎట్టయపురం మా ఊరికి దగ్గర. అక్కడ పుట్టిన సుబ్రహ్మణ్య భారతి 1898లో తండ్రి పోయినాక కాశీలో మేనత్త ఇంటికి పోయి చదువుకున్నాడు. ఎట్టయపురం పిల్లవాడికి అప్పుడు కాశీ పైదేశమే. బడిలో సంస్కృతం, హిందీ నేర్చుకుంటూ, గంగ ఘాట్ల మీద తిరుగుతూ, తిరిగొచ్చేటప్పుడు తలపాగా, మీసంతో వచ్చినాడు. ఇప్పుడు ప్రతి బొమ్మలో కనబడే వేషం అదే.

లండన్‌లో న్యాయశాస్త్రం చదివే రోజుల్లో గాంధీగారు పారిస్ ప్రదర్శన చూడను పోయి వారం రోజులున్నారు. పైసా పైసా లెక్క రాసుకునే మనిషి. ఈఫిల్ టవర్ రెండు మూడుసార్లు ఎక్కి, అంత ఎత్తులో భోజనం చేసినాం అనిపించుకోను ఏడు షిల్లింగులు పెట్టి అక్కడ తిన్నారు. తర్వాత ఆత్మకథలో ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నారు. మా బావకు ఈ ముక్క చదివి వినిపించినాం. "గాంధీ ఫెయిలు కాలేదు గదా" అన్నాడు. జవాబు చెప్పలేకపోయినాం.

ఇంకో వైపు వి.వి. గిరిగారు. బరంపురంలో, అంటే మనలాగే తెలుగు నేల బయట, పుట్టి పెరిగినవారు. 1913లో న్యాయశాస్త్రానికి డబ్లిన్ పోయినారు. క్లాసు బయటి సమయమంతా ఐర్లండ్ స్వాతంత్ర్య రాజకీయం లాక్కుంది. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం వదిలి పొమ్మన్నారు. ఇంటికొచ్చి కార్మిక నాయకుడై, చివరికి రాష్ట్రపతి అయినారు. అది తలుచుకుని పిల్లల్ని వదిలెయ్యమని మేము చెప్పం. అందరికీ అట్లా కలిసిరాదు.

మా వైపు వాళ్ళకు అన్నిటికన్నా దగ్గరి కథ డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిగారిది. 1918లో ఎట్టయపురం దగ్గర అయన్ వడమలాపురంలో, మనలాంటి తెలుగు సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టినారు. మదురై అమెరికన్ కాలేజీలో రసాయనశాస్త్రం, మద్రాసులో వైద్యం. సైన్యంలో చేరినాక కీళ్ళవాతం వచ్చి వేళ్ళు వంకర పోయినాయి. ఆ వేళ్ళతోనే కంటి ఆపరేషన్లు నేర్చుకున్నారు. 1965లో అమెరికా పోయినారు. అక్కడ ఆయన మనసులో నాటుకున్న వాటిలో ఒకటి మెక్‌డొనాల్డ్స్ అంగడి. ఏ ఊళ్ళో చూసినా అదే రుచి, అదే వరస, తక్కువ ధర. కంటి ఆపరేషన్ అట్లా ఎందుకు చెయ్యకూడదు అనేది ఆయన ప్రశ్న. 1976లో మదురైలో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టినారు. మా అవ్వ రెండు కళ్ళకూ పొర తీసింది అక్కడే. అందుకే ఈ కథ అవ్వ దగ్గర మేము చెప్పాల్సిన పని లేదు, అవ్వే మాకు చెప్తుంది.

ఇదంతా పాప ముందర పెట్టే ముందు, జర్మనీ పద్ధతి ఏందో కూడా తెలుసుకోవాల్సి వచ్చింది. అది తెలియకనే తిట్టినాం. మన కాలేజీల్లో అటెండెన్స్ లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. అక్కడ చాలా లెక్చర్లకు హాజరు అడిగేవాళ్ళే ఉండరు. అంతా చివరి పరీక్ష మీదే. చాలా యూనివర్సిటీల్లో ఒక పేపరుకు మూడే అవకాశాలు. వీసాకు ముందే ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ఖాతాలో కట్టి చూపించినాం. అందులోంచి నెలకు 992 మాత్రమే చేతికొస్తాయి. చాలకపోతే పని చెయ్యాలి, ఏడాదికి 140 పూర్తి రోజులకు మించి చెయ్యకూడదు. ఇక ఆ తిరుగుడు సంగతి. దేశమంతా మామూలు రైళ్ళు, బస్సులు ఎక్కే నెల టికెట్టు 2025లో 58 యూరోలు, విద్యార్థులకు చాలా చోట్ల ఇంకా తక్కువ. అంటే ఫోటోలో కనబడే నది ఒడ్డుకు పోను విడిగా టికెట్టు ఖర్చే లేదు. ఆ టికెట్టు కాలేజీకి పోయి రావను ఎట్లాగూ ఉండాల్సిందే.

పది రోజుల తర్వాత పాపే ఫోన్ చేసింది. శనివారం పూర్తిగా ఒక గిడ్డంగిలో పని, మిగతా రోజుల్లో సాయంత్రాలు కూడా పనే అని అప్పుడు చెప్పింది. ఇంటికి తెలిస్తే బాధపడతారని చెప్పలేదట. పేపరు పోయింది ఊళ్ళు తిరిగి కాదు, పని చేసి అలసి. మేము తప్పు పేజీ చూసినాం. బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పని తగ్గించుకో, రెండు నెలలు ఇక్కడి నుంచి పంపుతాం" అన్నాడు. ఎక్కడి నుంచి పంపుతాడో మాకు తెలుసు, అంగడి సరుకు డబ్బులోంచి. తాత నోట్‌బుక్ పేజీలు ఫోటోలు తీసి పాపకు పంపినాం. కోవిల్పట్టి కడలై మిఠాయి రెండు కిలోలు కూడా, తెలిసినవాళ్ళు పోతుంటే వాళ్ళ చేత. చెస్టర్‌లో చూసింది కోటనా గోడనా అని తనూ అడిగింది. గోడ అంది, మా పక్షం.

నోట్‌బుక్‌లో ఆఖరి ఆదివారం ఇంగ్లండ్‌ది కాదు. ఊరొచ్చిన రెండో వారం, కళుగుమలై. బస్సు, టెంకాయ, కర్పూరం ఖర్చు రాసుంది. కోవిల్పట్టి నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఎనిమిదో శతాబ్దంలో పాండ్యుల కాలాన కొండను పైనుంచి కిందికి తొలిచి, ముగించకుండా వదిలేసిన వెట్టువాన్ కోయిల్ అక్కడుంది, పక్కన రాతి మీద జైన బొమ్మలున్నాయి. అంత దగ్గర పుట్టి పెరిగి కూడా, అది మొదటిసారి చూసింది మాంచెస్టర్ నుంచి వచ్చినాకేనని అవ్వ చెప్పింది. పాప కూడా చూడలేదు. మేమూ చూడలేదు.

పాప పరీక్ష ఫిబ్రవరిలో. ఈ మధ్య ఆదివారం ఫోన్ చేస్తే అవ్వ మొదట అడిగేది, ఈరోజు గదినా, బయటనా అని. మూడు వారాలుగా గది అంటుంది. చేని పత్రం ఇంకా బ్యాంకులోనే ఉంది.